తెర ఇవతలి బొమ్మ

ఎండమావి భ్రమ కాదు. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, ఏప్రిల్ మధ్యాహ్నం గుత్తి దాటి అనంతపురం వైపు వస్తుంటే ముందు రోడ్డంతా తడిసినట్టు మెరుస్తుంది. ఫోనుతో ఫోటో తీయండి. ఆ మెరుపు ఫోటోలోనూ పడుతుంది. కెమెరాకు దాహం లేదు, ఆశ లేదు. అది పట్టుకుందంటే అక్కణ్ణుంచి వెలుగు నిజంగానే వచ్చిందన్నమాట.

ఆ వెలుగు ఆకాశానిది. గాలి వక్రీభవన గుణకం 1.0003కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. తారుకు ఆనుకున్న గాలి, పైగాలి కన్నా ముప్ఫై డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఆ అంకెలో వచ్చే తేడా ఐదో దశాంశ స్థానంలో కనిపిస్తుంది. అంత చిన్న తేడాకు వెలుగు వంగేది కూడా కొంచెమే, ఒక డిగ్రీకి లోపే. కాని అర డిగ్రీకి లోపు కోణంలో రోడ్డును రాసుకుంటూ వచ్చే కిరణానికి ఆ కొంచెం చాలు. నేలను తాకబోయినది పైకి వంగి మన కంట్లో పడుతుంది. కారులో కూర్చున్న మనిషి కన్ను రోడ్డుకు 1.2 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, ఈ లెక్కన ‘నీళ్లు’ దాదాపు 170 మీటర్ల ముందు మొదలవుతాయి. కారు కదిలినా ఆ కోణం మారదు. అందుకే నీళ్లు మనతోపాటే ముందుకు పోతుంటాయి, ఎప్పటికీ అందవు.

ఇంతవరకూ భౌతికశాస్త్రం. ఇందులో నీళ్లు ఎక్కడా లేవని గమనించండి. కెమెరా పట్టుకున్నది నేల దగ్గర వణుకుతున్న ఆకాశపు ముక్కను. దాన్ని చూసి ‘నీళ్లు’ అన్నది మన మెదడు. పైనుంచి రావలసిన వెలుగు కిందినుంచి, అదీ వణుకుతూ వస్తే, లోకంలో దానికి మామూలు కారణం నీటి మడుగే. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వానపడే ఈ నేల మీద, నిండు వేసవిలో రోడ్డు మధ్య మడుగు ఉండదని మనకు తెలుసు. తెలిసినా ఆ ఊహ ఆగదు.

డిజిటల్ కళలో ప్రయోగాలు చేసేవాళ్లకు కావలసింది ఈ రెండో సగమే, కెమెరా ఆగిపోయి మెదడు అందుకునే చోటు. తెర మీద వాళ్లు పెట్టగలిగేవి వెలుగు చుక్కలు మాత్రమే. ఆ చుక్కలకు లోతు లేదు, కదలిక లేదు, చూపు లేదు. అయినా చూసేవాళ్లకు అవన్నీ కనిపిస్తాయి. ఎంత తక్కువ పెడితే ఎంత ఎక్కువ కనిపిస్తుందన్నది వాళ్ల పరిశోధన. కంప్యూటర్లు పుట్టక ముందే అనంతపురం ప్రాంతపు ఈ పీఠభూమి మీద రెండు చోట్ల ఆ పని ఎంతో దూరం సాగింది. కరువు సీమ గనుక తక్కువతో ఎక్కువ చేయడం ఇక్కడివాళ్లకు అబ్బిందని రాస్తే వాక్యం అందంగానే ఉంటుంది, కాని నిజం కాదు. ఆ రెంటిలో ఒకటి విజయనగరపు ఖజానా నిండుగా ఉన్న రోజుల్లో కట్టిన గుడి.

లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతదేవరాయల ఏలుబడిలో, 1530ల ప్రాంతంలో, విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించింది. 2022లో జిల్లాలు విడగొట్టాక కాగితాల మీద అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగడానికి జనం గుంపులు కడతారు. నాకు మాత్రం అక్కడ చూడవలసింది ఒంటి ఆవు, మూడు తలలు. రాతి మీద చెక్కిన శరీరం ఒకటే. తలలు మూడూ మూడు తీర్లుగా తిరిగి ఉంటాయి. చూపించేవాళ్లు రెండు తలల మీద అరచెయ్యి అడ్డం పెడతారు. మిగిలిన తలతో ఆవు పూర్తిగా, ఏ లోటూ లేకుండా కనిపిస్తుంది. చెయ్యి జరిపితే ఇంకో ఆవు, అదీ పూర్తిగానే. కదిలింది అరచెయ్యే, రాయి కాదు.

ఒక గీతకు రెండు పక్కలుంటాయి. ఆ గీత ఏ పక్కనున్న వస్తువుకు అంచు అన్నది చూపులోని మొదటి పేచీ. రెండు చేల నడుమ గట్టు ఎవరిదన్న తగువు లాంటిదే ఇది. మెదడు ఆ తగువును చాలా తొందరగా తీర్చేస్తుంది. 2000 సంవత్సరంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో హాంగ్ జో, హోవర్డ్ ఫ్రీడ్‌మన్, రూడిగర్ వాన్ డెర్ హైట్ కోతుల మెదళ్లను పరిశీలించారు. దృష్టి వ్యవస్థలో రెండో మెట్టు అయిన వి2 ప్రాంతంలో సగానికి పైగా నాడీకణాలు, ‘ఇక్కడ అంచు ఉంది’ అని చెప్పి ఊరుకోవడం లేదు. ‘ఈ అంచు ఎడమ పక్క వస్తువుది’ అనో ‘కుడి పక్కది’ అనో కూడా చెబుతున్నాయి. లేపాక్షి శిల్పి చేసింది, ఒకే మెడను మూడు తలలకూ చెందేలా చెక్కడం. చెయ్యి అడ్డం పెట్టగానే పోటీదారులు తప్పుకుంటారు, తీర్పు వచ్చేస్తుంది.

కుందేలు బాతు బొమ్మ అందరూ చూసే ఉంటారు. అమెరికన్ మనస్తత్వవేత్త జోసెఫ్ జాస్ట్రో 1899లో దాన్ని శాస్త్ర చర్చలోకి తెచ్చాడు. అందులో కుందేలు కనిపించినప్పుడు బాతు మాయమవుతుంది. లేపాక్షి ఆవు అలా మాయమవదు. మూడు తలలూ ఒక్కసారే కళ్లముందుంటాయి. మూడు ఆవులున్నాయనుకోవచ్చు, లేదా ఒకే ఆవు మూడు క్షణాల్లో ఉందనుకోవచ్చు. ఫ్రాన్సులోని షోవే గుహలో ఎనిమిది కాళ్ల అడవిదున్న ఉంది, దాని గురించీ ఇదే వాదం నడుస్తోంది. పరుగెత్తే జంతువును ఒకే బొమ్మలో పలు క్షణాలుగా గీశారని కొందరంటారు. లేపాక్షి ఆవు విషయంలో నాకు ఆ రెండో అర్థమే నచ్చుతుంది, కాని రాయి దానికి సాక్ష్యం చెప్పదు. యానిమేషన్ చేసేవాళ్లు ఇదే పని చేస్తారు. ఒంటిని అలాగే ఉంచి తలను మాత్రం మార్చి మళ్లీ గీస్తారు. శ్రమ బాగా తగ్గుతుంది.

అదే గుడి పైకప్పులో వటపత్రశాయి, అంటే మర్రాకు మీది బాలకృష్ణుడి చిత్రం ఉంది. “యాడ నిలబడినా మనల్నే చూస్తాడు సార్” అని చెప్పి అటూ ఇటూ నడిపించి మరీ చూపిస్తారు. నిజంగానే చూస్తాడు. ఇందులో చిత్రకారుడి మంత్రం కన్నా పైకప్పు చదునుతనమే ఎక్కువ పని చేస్తోంది. బతికున్న మనిషి ముఖం చుట్టూ మనం నడిస్తే ఒక చెంప కనుమరుగై ఇంకో చెంప బయటపడుతుంది, కనుగుడ్డు తెల్లలో నల్లపాప ఒక మూలకు జరుగుతుంది. చదును బొమ్మలో అదేమీ జరగదు. పక్కకు పోతే బొమ్మ అంతా ఒకే తీరున నొక్కుకుపోతుంది గాని పాప, తెల్లల నడుమ పొత్తు చెడదు. ఎదురుగా చూస్తున్నట్టు గీసిన కన్ను, ఎక్కణ్ణుంచి చూసినా ఎదురుగా చూస్తున్న కన్నే. యాన్ కోండెరింక్, ఆయన సహచరులు 2004లో దీన్ని కొలిచి చూపించారు. పరీక్షించాలనుకుంటే గుడి నుంచి కాస్త దూరంలో ఉన్న ఏకశిలా నంది దగ్గరకు వెళ్లండి. దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉంటుంది. దాని చుట్టూ నడవండి. అది మిమ్మల్ని అనుసరించదు, ఎందుకంటే అది నిజంగా అక్కడ ఉంది. ఇక మోనాలిసా చూపు వెంటాడుతుందన్న ప్రఖ్యాతి సంగతి. 2019లో జర్మనీలోని బీలెఫెల్డ్ పరిశోధకులు కొలిస్తే ఆమె చూపు మన మీద కాదు, దాదాపు 15 డిగ్రీలు పక్కకు పోతోందని తేలింది. ఆ విషయంలో లేపాక్షి బాలుడే నయం.

రెండో చోటు నిమ్మలకుంట, ధర్మవరం మండలంలోని పల్లె. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు, ఆడించే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఇంట్లో ఆరె మరాఠీ, తెర వెనక తెలుగు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును శుభ్రం చేసి, గీకి, వెలుగు దిగేంత పలచన చేసి, రంగులద్ది, చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. ఆంధ్ర తోలుబొమ్మలు పెద్దవి, కొన్ని మనిషెత్తు దాకా ఉంటాయి. రంగు వేసిన చోట తోలు వడపోతలా పనిచేస్తుంది. రంధ్రం ఉన్నచోట వెలుగు నేరుగా వచ్చి నగలోని రాయిలా మెరుస్తుంది. ఆభరణం ఉన్నచోట నిజానికి తోలు లేదు.

ఈ అమరికను ఒకసారి సాంకేతికంగా రాసుకుందాం. వెనక దీపం, దాని ముందు వెలుగును కొంత ఆపి కొంత వదిలే పొర, రంగు వడపోత, ఇవతల చూసేవాళ్లు. ఎల్‌సిడి తెర లోపల ఉన్నదీ ఈ వరసే. సినిమా తెర మీద వెలుగు పడి వెనక్కి వస్తుంది. తోలుబొమ్మల తెరలో, ఎల్‌సిడి తెరలో వెలుగు వడపోతను దాటుకుని మన వైపు వస్తుంది. అందుకే తోలుబొమ్మలాటకు సినిమా కన్నా కంప్యూటర్ తెరే దగ్గరి చుట్టం అని నా వాదన.

బొమ్మను తెరకు నొక్కి పట్టినప్పుడు అంచు కత్తిరించినట్టుంటుంది. వెనక్కి లాగితే పెరుగుతుంది, మసకబారుతుంది. లెక్క సులువు. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న దీపం తెరకు ఒక మీటరు దూరంలో ఉందనుకుందాం. బొమ్మ తెరకు ఐదు సెంటీమీటర్ల దూరంలో ఉంటే అంచు మసక ఒక మిల్లీమీటరు. బొమ్మను సగం దూరం వెనక్కి లాగితే నీడ రెండింతలవుతుంది, అంచు మసక రెండు సెంటీమీటర్లు. రాక్షసుడు ఆకాశం నుంచి దిగి వచ్చినట్టు కనిపించడానికి అర మీటరు కదలిక చాలు. మసక ఉంటే దూరం, పదును ఉంటే దగ్గర అని మెదడు లెక్క కట్టుకుంటుంది. కంప్యూటర్ ఆటల్లో వెనకున్న కొండలను మసకగా చూపించేదీ ఇందుకే.

దీపం గురించి ఇంకొంచెం చెప్పాలి. పూర్వం ఆముదపు దీపాలుండేవి, ఇప్పుడు బల్బులు. మంట నిలకడగా ఉండదు, గాలికి ఊగుతుంది. మంట ఊగితే కదలని బొమ్మ నీడ కూడా సన్నగా ఊగుతుంది. గుచ్చి నిలబెట్టిన బొమ్మ ఊపిరి తీస్తున్నట్టుంటుంది. బల్బు వచ్చాక రంగులు బాగా తేలాయి, ఆ ఊపిరి పోయింది. ఇదే లోటు కంప్యూటర్ చిత్రాల్లో 1980ల మొదట్లో కెన్ పెర్లిన్ అనే ఆయనకు కనిపించింది. ‘ట్రాన్’ సినిమాకు పనిచేసిన ఆయనకు యంత్రం గీసిన ప్రతిదీ మరీ నున్నగా, చచ్చినట్టుగా తోచింది. అంకెల్లో ఒక క్రమమైన ఒడుదుడుకును పుట్టించే పద్ధతి కనిపెట్టి 1985లో ప్రచురించాడు. పూర్తిగా గందరగోళం కాదు, పూర్తిగా నియమమూ కాదు. పొగ, మంట, మబ్బు, పాలరాయి అన్నీ దాంతో గీయవచ్చు. 1997లో ఆయనకు ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. ఆముదపు దీపం ఉచితంగా ఇచ్చినదాన్ని యంత్రంలో మళ్లీ తయారుచేయడానికి ఒక కంప్యూటర్ శాస్త్రవేత్త కావలసి వచ్చింది.

ధర్మవరం ఊసెత్తాక పట్టు గురించి ఒక ముక్క. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన చీర, మడత తిరిగినప్పుడల్లా రంగు మారుతుంది. దగ్గరికి పోతే రెండు రంగుల పోగులు, దూరం నుంచి మూడో రంగు. పక్కపక్కన పెట్టిన రెండు రంగులు ఒకదాన్నొకటి మారుస్తాయని పట్టుకున్నదీ నేతకు దగ్గరివాడే. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో రంగుల విభాగం అధిపతి మిషెల్ షెవ్రోల్, నల్లరంగుకు చిక్కదనం లేదన్న ఫిర్యాదు మీద దర్యాప్తు చేసి, తప్పు రంగుది కాదు, పక్కనున్న పోగులది అని తేల్చి 1839లో పెద్ద పుస్తకం రాశాడు. ఫోను తెరలో కూడా పసుపు పుట్టే చోటు లేదు. పసుపు కనిపించిన చోట వెలిగేవి ఎరుపు, ఆకుపచ్చ చుక్కలే.

ఇక కదలిక. సెకనులో పదహారో వంతు సేపు బొమ్మ కంటిమీద నిలుస్తుందని, అందుకే సినిమా కదులుతుందని చాలామంది బడిలో చదువుకున్నాం. ఆ వివరణ చాలదు. బొమ్మలు నిలిచిపోవడమే కారణమైతే ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోవాలి, కదలకూడదు. 1912లో మాక్స్ వెర్తైమర్ రెండు గీతలను ఒకదాని తర్వాత ఒకటి చూపించి, నడుమ వ్యవధిని మార్చి చూశాడు. సెకనులో వెయ్యోవంతులు 30 ఉంటే రెండూ ఒకేసారి ఉన్నట్టు, 200 ఉంటే ఒకటి పోయి ఒకటి వచ్చినట్టు కనిపించాయి. 60 దగ్గర మాత్రం ఒకే గీత అక్కణ్ణుంచి ఇక్కడికి నడిచింది. మధ్య దారిలో ఎవరూ ఏమీ గీయలేదు.

తోలుబొమ్మ కదలిక అయితే నిజమైనదే. కాని దాని పెదవి కదలదు, కన్ను ఆర్పదు. అయినా కేతిగాడు మాట్లాడుతున్నప్పుడు కేతిగాడే మాట్లాడతాడు, బంగారక్క తిడితే బంగారక్కే తిడుతుంది. గొంతులు తెర వెనక ఆడించేవాళ్లవి. మాట్లాడే బొమ్మను మాత్రం ఊపుతారు, మిగతావి నిలిచి ఉంటాయి. మాటకు తగ్గట్టు కదిలినదానికి చెవి ఆ గొంతును అప్పజెబుతుంది. 2004లో డేవిడ్ అలాయిస్, డేవిడ్ బర్ దీనికి కొలత ఇచ్చారు. బొమ్మ స్పష్టంగా ఉన్నంతసేపూ కన్ను చెప్పినచోటే శబ్దం ఉంటుంది. బొమ్మను బాగా మసకబరిస్తే మాట చెవిదే అవుతుంది. ఎవరు ఎక్కువ నమ్మదగినవారో చూసుకుని మెదడు వాటాలు పంచుతుంది.

తెర మీద పెట్టేదాన్ని ఇంకా తగ్గించవచ్చు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియన్ సిమెల్ రెండు త్రిభుజాలు, ఒక వృత్తం అటూ ఇటూ తిరిగే చిన్న సినిమా చూపించి, ఏం జరిగిందో రాయమన్నారు. 34 మందిలో ఒక్కరే దాన్ని రేఖాగణితంగా వర్ణించారు. మిగిలినవాళ్లు తగాదాలు, బెదిరింపులు, పారిపోవడాలు రాశారు. 1973లో స్వీడన్‌లో గున్నర్ యోహాన్సన్ మనిషి కీళ్ల దగ్గర పదీ పన్నెండు దీపాలు పెట్టి, చీకట్లో నడిపించి చిత్రీకరించాడు. ఆగి ఉంటే చుక్కల గుంపు. కదిలిన క్షణంలో మనిషి. నేటి డిజిటల్ కళాకారులు కెమెరాతో నర్తకి కీళ్లను పట్టుకుని తెర మీద రవ్వలుగా, పోగులుగా గీసేదంతా ఈ చుక్కల మీద కట్టినదే. ఒళ్లు పోయినా నడక మిగులుతుంది.

కంప్యూటర్ గీసిన బొమ్మలు గోడకెక్కిన తొలి రోజుల్లోనే చూపు పరిశోధనకూ కళకూ ఉన్న ఈ సంబంధం బయటపడింది. 1965 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని హోవర్డ్ వైజ్ గ్యాలరీలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన బేలా యూలెష్, మైకెల్ నోల్ తమ చిత్రాలు ప్రదర్శించారు. యూలెష్‌వి బూడిద చల్లినట్టున్న చుక్కల జతలు. ఒక్కొక్క కంటికి ఒక్కొక్కటి చూపిస్తే మధ్యలో ఒక చతురస్రం గాల్లోకి లేస్తుంది. అది రెండు చిత్రాల్లో ఏ ఒక్కదానిలోనూ లేదు. నోల్ ఇంకో కొంటె పని చేశాడు. పీట్ మాండ్రియన్ గీసిన గీతల చిత్రాన్ని, దాని పోలికలతో కంప్యూటర్ యాదృచ్ఛికంగా గీసినదాన్ని వంద మందికి చూపించాడు. యంత్రం గీసినది ఏదో సరిగా చెప్పినవాళ్లు 28 మందే. యంత్రం బొమ్మే బాగుందన్నవాళ్లు 59 మంది. దీనికి కళాలోకం చిన్నబుచ్చుకోనక్కర లేదు. క్రమరహితంగా ఉన్నది మనిషి చేసిందనే అలవాటు ఊహకు చూసినవాళ్లు ఓటు వేశారంతే.

2003లో జపాన్‌లో అకియోషి కితవోకా ‘తిరిగే పాములు’ అనే చిత్రం చేశాడు. వృత్తాలుగా చుట్టుకున్న రంగు మెట్లు, నలుపు, నీలం, తెలుపు, పసుపు అదే వరసలో. కాగితం మీద అచ్చువేసినా గుండ్రంగా తిరుగుతాయి. నేరుగా చూసిన పాము ఆగిపోతుంది, కంటి అంచున ఉన్నవి తిరుగుతూనే ఉంటాయి. గాఢమైన తేడా ఉన్న అంచుల వార్త మెదడుకు ముందుగా, తేలికవాటిది ఆలస్యంగా చేరుతుందని, ఆ కాలభేదాన్నే మెదడు కదలికగా చదువుకుంటుందని ఒక వివరణ. మనకు తెలియకుండా కన్ను చేసే సన్నటి అదురులు దాన్ని రాజేస్తాయని ఇంకొకటి.

2018లో ఎయిజి వాతనాబె, కితవోకా తదితరులు చేసిన పని నాకు అన్నిటికన్నా ఆసక్తికరం. వాళ్లు ఒక కృత్రిమ నాడీజాలానికి మనుషులు తలకు కెమెరా తగిలించుకుని తిరుగుతూ తీసిన వీడియోలు చూపించి, తర్వాతి ఫ్రేము ఎలా ఉంటుందో ఊహించడం మాత్రమే నేర్పారు. భ్రమల గురించి ఏమీ చెప్పలేదు. తర్వాత కదలని పాముల చిత్రాన్ని ఇస్తే, అది ఊహించిన ‘తర్వాతి ఫ్రేము’లో పాములు తిరిగాయి. రానున్నదాన్ని ముందే ఊహించే యంత్రం మనిషైనా సిలికానైనా ఈ వలలో పడుతుందా? అంత తొందరగా తేల్చకూడదు. ఇలాంటి జాలాలు అన్ని భ్రమల్లోనూ ఒకే తీరున ప్రవర్తించడం లేదని తర్వాతి పరీక్షలు చూపించాయి. పైగా ఆ జాలానికి చిత్రమంతా ఒక్కటే. నేరుగా చూసే చోటు, కంటి అంచు అన్న తేడా దానికి లేదు.

ఈ పరీక్షలకు నిమ్మలకుంటను కలుపుకోవచ్చు, ఖర్చు కూడా పెద్దగా కాదు. హనుమంతుడి బొమ్మకు భుజం, మోచెయ్యి, మణికట్టు, నడుము, మోకాలు, తోక కొన దగ్గర మెరిసే చుక్కలు అంటించి, చీకట్లో ఆడించి, కెమెరాతో చుక్కల కదలికను మాత్రమే పట్టుకోవాలి. అదే చుక్కలను పెర్లిన్ పద్ధతిలో కంప్యూటర్‌తో ఆడించి రెండో వీడియో చేయాలి. నోల్ చేసినట్టే వంద మందిని కూర్చోబెట్టి, ఏది చెయ్యి, ఏది యంత్రం అని అడగాలి. అందులో యాభై మంది తోలుబొమ్మలాట చూస్తూ పెరిగినవాళ్లు, యాభై మంది ఎన్నడూ చూడనివాళ్లు అయివుండాలి. ఆ తర్వాత ఒక్కొక్క చుక్కే తీసేస్తూ పోవాలి. రెండో యాభై మందికి నాలుగైదు చుక్కలు తగ్గేసరికే ఏమీ తోచకపోవచ్చు. మొదటి యాభై మందికి తోక కొన ఒక్కటీ మిగిలినా హనుమంతుడు కనిపిస్తాడని నా పందెం. ఓడిపోతే ఇంకా మంచిది, కనీసం ఏ చుక్క దగ్గర ఓడిపోయానో తెలుస్తుంది.